తాడు లోపలి బెంచీ

హీయుమా దీవి, ఎస్టోనియా
12 జూలై 1997

టౌన్‌హాలు నిర్వాహకులకు,

మొన్న తొమ్మిదో తారీకున మా దీవి పింఛనుదార్ల సంఘం తరఫున నలభై ఒక్క మందిమి పడవ దాటి, బస్సెక్కి, పట్నంలో మీ పాత టౌన్‌హాలు చూడటానికి వచ్చాం. ఫిర్యాదు చేయాలని బయలుదేరలేదు. వానకోటు తెచ్చుకున్నాం, వాన పడలేదు. అంతవరకూ బాగానే ఉంది.

ముందు బురుజు ఎక్కాం. మీ కార్డులో నూట పదిహేను మెట్లని ఉంది. నేను నూట పదమూడే ఎక్కాను. మిగతా రెండింటి సంగతి వదిలేస్తున్నాను.

తర్వాత కింద పెద్ద హాల్లోకి వచ్చాం. మధ్యలో రాతి స్తంభాలు, వాటి మీంచి చేతివేళ్ళు విప్పినట్టు విచ్చుకుని పైన మొనదేలి కలుసుకునే కమాన్లు, అన్నీ చూశాం. కిటికీ పక్కన తాడు కట్టి ఓక్ చెక్క బెంచీ ఒకటి ఉంది. దాని చెయ్యానించే కర్ర మీద నేను అరచెయ్యి పెట్టాను. గోకలేదు, గీయలేదు, పెట్టానంతే. మూల కుర్చీలోంచి బూడిదరంగు శాలువా కప్పుకున్నావిడ లేచి, "చెయ్యి! ఏమండీ, చెయ్యి తియ్యండి! అది పదిహేనో శతాబ్దం!" అని అరిచింది. నలభై మందీ నా వైపు తిరిగారు.

తిరుగు పడవలో గంటన్నరా మా సంఘంలోని ఆక్సెల్ ఒకటే మాట. "లైనే, పదిహేనో శతాబ్దాన్ని పాడుచేసొచ్చావట గదా! ఏదీ, చెయ్యి కడుక్కున్నావా?"

నాకు అరవై ఒకటో ఏడు. నా మీద ఇంతవరకూ ఎవరూ అరవలేదు. రాతపూర్వకంగా క్షమాపణ పంపగలరు.

లైనే మెహిలానే

*

టౌన్‌హాలు, పాత ఊరు
20 జూలై 1997

శ్రీమతి లైనే మెహిలానే గారికి,

మీ ఫిర్యాదు అందింది. శాలువా కప్పుకున్నావిడను నేనే. ఇక్కడికి వచ్చే ఉత్తరాలకు జవాబు రాసేదీ నేనే. కాబట్టి నా మీద వచ్చిన ఫిర్యాదును నేనే విచారించాను.

అరిచిన మాట నిజమని తేలింది. ఆ వారం ఆ బెంచీ మీద పదకొండు చేతులు, ఒక ఐస్‌క్రీమూ పడ్డాయి. మీది పన్నెండో చెయ్యి. ఇది కారణమే గానీ సమర్థన కాదు.

మెట్లు మళ్ళీ లెక్కపెట్టాను. నూట పదిహేనే ఉన్నాయి. మొదటి రెండూ తలుపుకు ఇవతల చీకట్లో ఉంటాయి, చాలామంది వాటిని నేల అనుకుంటారు.

గొంతు పెంచినందుకు క్షమించగలరు. చెయ్యి తీయమన్నందుకు మాత్రం కాదు.

ఇట్లు,
వీవి ఊయ్‌బో
వేసవి కాపలాదారు

*

హీయుమా
28 జూలై 1997

వీవి ఊయ్‌బో గారికి,

సగం క్షమాపణ అందింది. మిగతా సగం కోసం ఈ ఉత్తరం.

ఆ బెంచీ పదిహేనో శతాబ్దానిది కాదు. దాని వయసు ఇరవై మూడేళ్ళు. చేసింది మా ఆయన ఎల్మార్.

మా ఆయన వడ్రంగి. డెబ్బై రెండులో మీ టౌన్‌హాలుకు మరమ్మతులు జరుగుతుంటే పనిమంతులు కావాలని కబురొస్తే పట్నం వెళ్ళాడు. రెండేళ్ళు ఉన్నాడు. ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. డెబ్బై నాలుగు జూన్‌లో, నడివేసవి పండక్కి వచ్చినవాడు, మూడు పళ్ళేల బంగాళాదుంపలు తిని, తెల్లారి వల తీసుకుని సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పట్నం ఊసెత్తలేదు. అక్కడేం చేశావని నేనూ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని.

ఒక్కసారి మాత్రం తాగినప్పుడు అన్నాడు, "కిటికీ పక్కన బెంచీ. చెయ్యానించే కర్ర చివర పొద్దుతిరుగుడు పువ్వు. అదొక్కటి బాగా వచ్చింది." ఇంట్లో మాత్రం ఆయన చేసినదేదీ బాగా రాలేదు. వంటింటి అలమారా తలుపు ఈ రోజుకీ పడదు, తాడు వేసి కడతాను.

పోయిన నవంబర్లో వల బాగుచేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయాడు. గుండె. నేను మీ దగ్గరికి వచ్చింది ఆ పువ్వు చూద్దామని. చూశాను. చెయ్యి పెట్టాను. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు.

లైనే మెహిలానే

*

పాత ఊరు
10 ఆగస్టు 1997

లైనే గారూ,

ఇరవై మూడు కాదు, వచ్చే అక్టోబరుకి ఇరవై నాలుగు. ఆ బెంచీని బిగించింది డెబ్బై మూడు అక్టోబర్లో.

మీ ఆయన పోయారని తెలిసి చాలా బాధ కలిగింది. ఇంతకన్నా ఏం రాయాలో తెలియక ఈ కాగితాన్ని మూడు రోజులు టిక్కెట్ల పెట్టెలో ఉంచాను.

ఈ వేసవికి హాలు ఆగస్టు 31న మూసేస్తాం. ఆ రోజు ఆఖరి గుంపు నాలుగింటికి వెళ్ళిపోతుంది. మీరు నాలుగుంపావుకు పక్క తలుపు దగ్గరికి రండి. తాడు తీసి ఉంచుతాను. కూర్చోండి. ఎంతసేపైనా.

దీనికి నియమాల్లో అనుమతి లేదు. నిషేధం కూడా కనపడలేదు. నిన్న సాయంత్రం అంతా చదివాను.

వీవి ఊయ్‌బో

*

హీయుమా
4 సెప్టెంబరు 1997

వీవి గారూ,

కూర్చోనిచ్చినందుకు ధన్యవాదాలు. బెంచీ గట్టిగా ఉంది. కదల్లేదు, కిర్రుమనలేదు. మా ఆయన చేసినదాని మీద నేను నమ్మకంగా కూర్చోవడం అదే మొదటిసారి.

మీరు పోసిన కాఫీ బాగుంది. ఏలకుల బన్ను పొడిగా ఉంది. పై గదుల్లో మీరు చూపించిన పాత బొమ్మలు, గోడ బయట నోరు తెరుచుకున్న రాగిరేకు డ్రాగన్లు, అవన్నీ బాగానే ఉన్నాయి. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ కాసేపు. ఎండ వంగి స్తంభం మీద పడింది, మీరు నా పక్కన కాకుండా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అసలేమీ మాట్లాడుకోలేదని కాదు. నేను ఆ పువ్వు మీద చెయ్యి పెట్టినప్పుడు మీరన్నారు, "చిత్రిక పట్టేటప్పుడు ఈల వేసేవాడు. ఆ ముందుపన్ను సందులోంచి. హాలంతా వినపడేది."

నేను తలూపాను. నవ్వాను కూడా. పడవ సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది. ఆయన ముందుపన్ను పట్నంలో ఉండగానే ఊడింది. ఇంటికొచ్చాక వచ్చిన శీతాకాలంలో కట్టించుకున్నాడు. ఆ సందు నేను చూసింది ఆరు నెలలు. ఆయన ఈల వేయడం నేను ఒక్కసారి కూడా వినలేదు.

మీరు అక్కడ ఎప్పట్నుంచి పనిచేస్తున్నారు?

లైనే

*

పాత ఊరు
15 సెప్టెంబరు 1997

లైనే గారూ,

కాపలాదారుగా ఎనభై ఒకటి నుంచి. మీరడిగింది అది కాదని తెలుసు.

డెబ్బై రెండులో నాకు ఇరవై ఆరేళ్ళు. మరమ్మతుల్లో గోడల మీది పాత సున్నం పొరలు గీకే ఆడవాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం. ఆ హాల్లో ఒక్కటే ఇనప పొయ్యి. చలికాలం వడ్రంగులూ మేమూ దాని చుట్టూ నిలబడి సూప్ తాగేవాళ్ళం. అలా పరిచయం. మొదట ఎల్మార్ పనివాళ్ళ వసతిగృహంలో ఉన్నాడు. తర్వాత పద్నాలుగు నెలలు నా గదిలో ఉన్నాడు.

పెళ్ళైందని మొదటి వారంలోనే చెప్పాడు. మీ పేరు చెప్పాడు. మీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. అని ఉంటే నాకు సులువయ్యేది.

డెబ్బై నాలుగు జూన్‌లో చిన్న సంచీతో పండక్కి వెళ్తూ గడపలో నిలబడి, "శుక్రవారం వస్తా" అన్నాడు. ఏ శుక్రవారమో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈ విషయంలో మనిద్దరికీ తేడా లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ తాడు కట్టింది నేనే. కాపలా పనిలో చేరిన రెండో వేసవిలో ఒక పెద్దమనిషి దాని మీద బూటు పెట్టి లేసు కట్టుకుంటున్నాడు. నాకు తోచింది అదొక్కటే. ఎందుకు తాడు అని గైడు అడిగితే పదిహేనో శతాబ్దం అన్నాను. అతను నమ్మాడు. ఆ తర్వాత అందరూ నమ్మారు. నా కుర్చీ కూడా దానికి ఎదురుగా నేనే వేయించుకున్నాను. పదహారు వేసవులు.

మీకు క్షమాపణ బాకీ ఉన్నాను. జూలైలో అరిచినందుకు కాదు.

వీవి

*

(లైట్‌హౌస్ బొమ్మ ఉన్న పోస్టుకార్డు)

హీయుమా
2 అక్టోబరు 1997

ఉత్తరం అందింది.

లై. మె.

*

హీయుమా
18 ఫిబ్రవరి 1998

వీవికి,

గారూ అని రాయలేదు. మరిచిపోయి కాదు.

అక్టోబరు నుంచి జనవరి దాకా నీ మీద కోపంగా ఉన్నాను. ఎల్మార్ మీద కూడా. ఆయన ఫొటోను గోడకి తిప్పిపెట్టాను. నాలుగు రోజుల తర్వాత ఆక్సెల్ భార్య సాల్మె వచ్చి చూసి, "ఫొటోకి తేమ పట్టిందా?" అంది. అవునన్నాను. మళ్ళీ ఇటు తిప్పాను. ఈ నెలలో సముద్రం గడ్డకట్టింది, మంచు మీద రోడ్డు వేశారు, కార్లు అవతలి ఒడ్డుకి పోతున్నాయి. కట్టెలు కొట్టుకోవాలి, బావి దగ్గర మంచు పగలగొట్టాలి. కోపానికి ఖాళీ దొరకడం లేదు.

అందుకని రాస్తున్నాను. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. నేను చెప్పాల్సింది ఒకటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మా పాస్టరుకి కూడా.

డెబ్బై నాలుగు జూలైలో పట్నం ముద్రతో ఆయన పేరున ఒక కవరు వచ్చింది. ఆడచేతి రాత. ఆయన సముద్రం మీద ఉన్నాడు. నేను దాన్ని తెరవలేదు. వేరేవాళ్ళ ఉత్తరాలు తెరవకూడదని మా అమ్మ నేర్పింది. పొయ్యిలో పెట్టకూడదని నేర్పలేదు.

తర్వాత ఏడాది పొడుగునా ఎల్మార్ శుక్రవారం శుక్రవారం పోస్టాఫీసుకి నడిచి వెళ్ళేవాడు. రానూ పోనూ ఎనిమిది కిలోమీటర్లు. ఎందుకని అడిగితే పొగాకు కోసమనేవాడు. ఆయన పొగ తాగడు. ఖాళీ చేతులతో వచ్చి, బూట్లు విప్పి, "ఈసారీ రాలేదు" అనేవాడు. పొగాకు సంగతే అన్నట్టు. నేను సూప్ వడ్డించేదాన్ని.

ఏడాది తర్వాత మానేశాడు.

ఆ కవరు నీదేనా? నీదైతే అందులో ఏముంది? ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించలేదంటే అబద్ధం.

లైనే

*

పాత ఊరు
9 మార్చి 1998

లైనే గారూ,

నాదే.

మీ ఉత్తరం చదివి రెండు వారాలు ఏమీ చేయలేదు. కిటికీ తుడిచాను. నాకు కోపం వచ్చిందని రాయాలి, ఎందుకంటే వచ్చింది. ఒక రోజంతా ఉంది. తర్వాత, ఆయనే ఒక ఉత్తరం రాయొచ్చు కదా అనిపించింది. ఆయన చేతికి జబ్బేమీ లేదు. పోస్టాఫీసు దాకా నడిచినవాడు ఒక్క బిళ్ళ కొని అంటించి ఉండొచ్చు. నేనూ రెండోది రాయొచ్చు. జవాబు రాలేదని నేను, ఉత్తరం రాలేదని ఆయన. మీరు కాల్చింది ఒక్క కాగితాన్ని. మిగతాదంతా మేమిద్దరం చేసుకున్నదే.

అయినా ఆ శుక్రవారాల సంగతి నాకు చెప్పినందుకు, ఏమనాలో తెలియడం లేదు. ఇరవై నాలుగేళ్ళు ఆయన నన్ను మరిచిపోయాడనే లెక్కన బతికాను. ఆ లెక్కకి అలవాటు పడిపోయాను కూడా. ఇప్పుడు మార్చుకోవాలి.

కవర్లో ఉన్నది చెప్తాను. మీరు ఊహించుకున్నంత ఏమీ లేదు. "నీ ఉలుల సంచీ ఇక్కడే ఉండిపోయింది. పోస్టులో పంపనా, వచ్చి తీసుకెళ్తావా?" అంతే. అడగాల్సింది వేరే ఉంది. ఉలుల కోసం వస్తే అప్పుడు అడుగుదామనుకున్నాను.

సంచీ ఇంకా నా దగ్గరే ఉంది. ఏడు ఉలులు. ఏటా నూనె రాస్తాను.

వీవి

*

హీయుమా
24 మే 1998

వీవీ,

ఉలుల సంచీ పడవ మీంచి నీళ్ళలో పడిపోయిందన్నాడు నాతో. నేను నమ్మాను. జాలిపడ్డాను కూడా. బజార్లో దొరికిన చవకరకం ఉలులతో వంటింటి అలమారా చేశాడు. అంటే నా అలమారా తలుపు పడకపోవడానికి ఇన్నేళ్ళకి కారణం దొరికింది. నువ్వే.

ఇది రాసి చాలాసేపు నవ్వుకున్నాను. ఒక్కదాన్నే నవ్వడం బాగోలేదు.

జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం, మా చర్చి దగ్గర సమాధుల పండగ. ఊరంతా వస్తుంది. ముందురోజే సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, చుట్టూ ఇసుక మీద దంతెతో గీతలు తీర్చాలి. పోయినేడు ఒక్కదాన్నే చేశాను. నా గీతలు వంకర పోయాయని సాల్మె ఏడాదిగా అంటూనే ఉంది.

శనివారం పొద్దున పది గంటల పడవకి రా. రేవు దగ్గర బస్సుంటుంది, డ్రైవరుకి మెహిలానే ఇల్లు అంటే చాలు. పడుకోవడానికి వెనక గది ఉంది. పొగపెట్టిన చేప తింటావా? తినకపోయినా అదే ఉంటుంది.

నువ్వెవరని జనం అడుగుతారు. ఏం చెప్పాలో నేనింకా ఆలోచించలేదు. నువ్వూ ఆలోచించకు. రాననే ఉద్దేశముంటే జవాబు రాయి. వచ్చేట్టయితే అనవసరం.

లైనే

*

పాత ఊరు
5 జూలై 1998

లైనే,

నువ్వు అని రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. చెయ్యి తిరగడం లేదు. ఇంకో రెండు ఉత్తరాలకి అలవాటవుతుంది.

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన చేపల మూట బస్సులో నా ముందు సీటాయన ముక్కుకి తగిలి, పట్నం దాకా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. సగం ఇచ్చేశాను.

ఉలులు నీ వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను. వద్దంటావని చెప్పలేదు.

ఈ వేసవికి హాలు మొన్న ఒకటో తారీకున తెరిచాం. తెరవకముందే వెళ్ళి తాడు విప్పేశాను. గైడుని పిలిచి, ఆ బెంచీ పదిహేనో శతాబ్దానిది కాదు, డెబ్బై మూడు అక్టోబరు, చేసింది హీయుమా వడ్రంగి ఎల్మార్ మెహిలానే అని చెప్పాను. అతను, "పదహారేళ్ళుగా నాతో ఏం చెప్పించావమ్మా నువ్వు!" అన్నాడు. తప్పు నాదని ఒప్పుకున్నాను. పైవాళ్ళకి కూడా రాసిచ్చాను. మందలించారు. నాకూ న్యాయంగానే తోచింది.

ఇప్పుడు జనం దాని మీద కూర్చుంటున్నారు. మెట్లెక్కి దిగొచ్చి, మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అని కూలబడుతున్నారు. మొదటిరోజు చూడలేకపోయాను. మూడో రోజుకి అలవాటైంది. నిన్న ఒక ముసలాయన గంటసేపు నిద్రపోయాడు. లేపలేదు.

ఒకటి అడగాలి. శనివారం నేను పూలకి నీళ్ళు తేవడానికి పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు సాల్మె నీ దగ్గరికి వచ్చి ఏదో అడగడం దూరం నుంచి చూశాను. తిరిగొచ్చేసరికి తను వెళ్ళిపోతోంది. నన్ను చూసి తలవంచి పలకరించింది. మర్నాడు చర్చిలో బెంచీ మీద జరిగి చోటిచ్చింది. తనకి నువ్వేం చెప్పావు?

వీవి

*

హీయుమా
14 జూలై 1998

వీవీ,

మందలించి వదిలేశారా? నేనైతే జీతం కోసేదాన్ని.

సాల్మె సంగతి. నువ్వు బకెట్టు తీసుకుని వెళ్ళావో లేదో వచ్చేసింది. అప్పటికి గంట నుంచి తన వాళ్ళ సమాధి దగ్గర్నుంచి చూస్తూనే ఉంది. తలకట్టు సర్దుకుంటూ వచ్చి నిలబడి, ముందు ఇసుక చూసింది. ఎడమ వైపు నేను గీసినవి, ఎప్పట్లాగే వంకర. కుడి వైపు నువ్వు గీసినవి, స్కేలు పెట్టినట్టు.

"అబ్బో, ఈ ఏడు ఒక పక్క బాగా కుదిరిందే! ఆవిడెవరే లైనే? మీ చుట్టాలా? ఎప్పుడూ చూళ్ళేదు."

అప్పటిదాకా ఏం చెప్పాలో ఆలోచించలేదన్నాను గదా, నిజంగానే ఆలోచించలేదు. చుట్టమని అనబోయాను. నోటి దాకా వచ్చింది. చేతిలో దంతె ఉంది. దాన్ని నేలకి ఆనించి, నీ గీతల వైపు చూపించి చెప్పాను.

"పట్నం నుంచి వచ్చింది. ఆ వైపు ఆవిడది."

సాల్మె ఎల్మార్ పేరున్న రాయి వైపు చూసింది. పంపు దగ్గర వంగి ఉన్న నీ వైపు చూసింది. తర్వాత ఆ ఇసుకలో అడుగు పడకుండా, గౌను అంచు ఎత్తిపట్టుకుని, నీ గీతలు చెరగకుండా దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళింది.

లైనే